తగాదా టైంటేబుల్‌లో పుడుతుంది
(ప్రధానోపాధ్యాయుల మహాసభలో అధ్యక్షోపన్యాసం)



బడిలో తగాదాలు, వాటి పరిష్కారం అన్న అంశాన్ని ఈసారి చర్చకు పెట్టినందుకు కార్యవర్గాన్ని మనసారా అభినందిస్తున్నాను. పదో తరగతి ఫలితాలు, యూడైస్ లెక్కలు, యాప్‌లో ఎక్కించాల్సిన ఫొటోలు రాని సమావేశం మనకు లేదు. రోజూ మన గది తలుపు తోసుకుని లోపలికి వచ్చే ఈ సంగతికి మాత్రం ఇన్నేళ్లలో వేదిక దొరకలేదు.

ఓనమాలు మీకు తెలుసు, అవి మళ్లీ చెప్పను. థామస్, కిల్‌మన్‌లు 1974లో ఇచ్చిన ఐదు పద్ధతుల చార్టు చూడకుండా ఎవరూ నాయకత్వ శిక్షణ పూర్తి చేయలేదు. పంతం పట్టడం, సహకరించుకోవడం, చెరి కాస్త వదులుకోవడం, తప్పుకోవడం, ఒదిగిపోవడం. ఆ చార్టుతో నా పేచీ ఈనాటిది కాదు. తగాదా వచ్చాక మనిషి ఎలా నడుచుకుంటాడో అది చెబుతుంది. తగాదా ఎందుకొచ్చిందో చెప్పదు. మాడ్యూళ్లు రాసే మిత్రులు కొందరు ఈ సభలోనే ఉన్నారు. వారి శ్రమ పట్ల నాకు గౌరవం ఉంది. కానీ వారు తగాదాను మనుషుల స్వభావంలో వెతుకుతారు. ముందు టైంటేబుల్‌లో వెతకండని నేను మొదటి నుంచీ అంటున్నాను. ఈ వేదిక మీద కూడా అదే అంటాను.

ఒక ఉన్నత పాఠశాల స్టాఫ్ రూమ్ చూద్దాం. తెలుగు చెప్పే మేడమ్‌కు ఐదు సెక్షన్లు. సెక్షన్‌కు నలభై మంది అనుకుంటే రెండు వందల నోటు పుస్తకాలు. ఇంకో సబ్జెక్టు మాస్టారికి మూడు సెక్షన్లే, పుస్తకాలు నూట ఇరవై. వారానికి పీరియడ్ల లెక్క ఇద్దరిదీ ఒకటే, కాబట్టి కాగితం మీద పని సమానం. ఆవిడ ఎనభై పుస్తకాలు ఎక్కువగా సంచిలో మోసుకుని ఇంటికి వెళ్తుంది. దానికి తోడు ఆరో తరగతి ఎనిమిదో పీరియడ్ వారంలో నాలుగు రోజులు ఆవిడకే పడింది. ఎవరో సీఎల్ పెట్టిన రోజున సర్దుబాటు పీరియడ్ కూడా ఆవిడ పేరునే రాశారు. ఆ మధ్యాహ్నం డస్టర్ ఎవరు తీశారన్న మాట మీద స్టాఫ్ రూమ్‌లో గొడవైంది. హెడ్మాస్టరు ఇద్దరినీ పిలిచి "కలిసి పనిచేయాల్సినవాళ్లం, సర్దుకుపోండి" అన్నారు. ఇద్దరూ తలూపారు. మర్నాటి నుంచి మాటలు లేవు. అసలు డస్టరు గురించి ఎవరికి పట్టింది?

నేను పనిచేసిన బడిలో స్టాఫ్ రూమ్ గోడకు ఒక కాగితం అంటించాం. ప్రతి పేరు పక్కనా నాలుగు గడులు: వారానికి పీరియడ్లు, అందులో భోజనం తర్వాతవి ఎన్ని, దిద్దాల్సిన పుస్తకాలు, ఆ నెలలో తీసుకున్న సర్దుబాట్లు. నాకు వచ్చే పీరియడ్లు కూడా అందులోనే రాశాను. నెల తిరిగేసరికి సర్దుబాటు రిజిస్టర్‌లో సంతకం పెట్టనని భీష్మించే మనిషి ఒక్కరూ లేరు. మనుషుల స్వభావాలు ఎప్పటిలాగే ఉన్నాయి. లెక్క మాత్రం అందరి కళ్ల ముందుకూ వచ్చింది.

ఈ ఆలోచనకు నాకు మార్గదర్శి మేరీ పార్కర్ ఫాలెట్. బోస్టన్‌లో బడి భవనాలను సాయంత్రం పూట ఇరుగుపొరుగు జనానికి తెరిపించిన ఉద్యమంలో పనిచేసిన మనిషి ఆమె. ఆమె 1925 ఉపన్యాసంలో ఒక సంఘటన ఉంది. గ్రంథాలయంలో చిన్న గది. ఒకరికి కిటికీ తెరవాలి, ఆమెకు మూసి ఉండాలి. పక్కనున్న ఖాళీ గదిలో కిటికీ తెరిచారు. ఆయనకు గాలి వచ్చింది, ఆమెకు ఉత్తరపు గాలి సూటిగా తగలలేదు. ఇద్దరిలో ఎవరూ ఏమీ వదులుకోలేదు. పైచేయి సాధించడం, చెరి సగం పంచుకోవడం కాక మూడో దారి ఉందని ఆమె వాదన. మన రాజీల్లో చాలావరకు కిటికీని సగం తెరిచి ఇద్దరినీ అసంతృప్తితో పంపేవే. టైంటేబుల్ ముందేసుకుని కూర్చున్న హెడ్మాస్టరుకు పక్క గది కిటికీ కనిపిస్తుంది. మనస్తత్వాల చార్టు ముందేసుకున్నవారికి కనిపించదు.

ఏర్పాటు మారితే తగాదా ఎలా పుడుతుందో ఆంధ్రప్రదేశ్ మిత్రులకు నేను చెప్పక్కర్లేదు. 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు కలిపినప్పుడు ఏం జరిగింది? ఆ తరగతులకు ఎస్జీటీలు చెప్పాలా, స్కూల్ అసిస్టెంట్లు చెప్పాలా అన్న వాదన ప్రతి ప్రాంగణంలోనూ లేచింది. చిన్నపిల్లల్ని పంపలేమని తల్లిదండ్రులు గేటు ముందు కూర్చున్న ఊళ్లు ఉన్నాయి. 2025లో ఆ జీవో రద్దయింది. ఆ మూడేళ్లలో మాటలు పడింది, సంజాయిషీ చెప్పుకున్నది హెడ్మాస్టర్లే. "నాయకత్వ లోపం" అని తనిఖీ నివేదికల్లో రాసిన అధికారులకు ఒక మాట చెప్పాలి. పై నుంచి వచ్చిన ఏర్పాటు కింద తగాదా పెడితే, కింద ఉన్నవారికి మెమో ఇవ్వడం పరిష్కారం కాదు.

పిల్లల మధ్య గొడవల్లోనూ నా ప్రశ్న అదే. ఊరి జాతరలో రేగిన కులం గొడవ సోమవారం ప్రార్థన వేళకు బడికి నడిచి వస్తుంది. తమిళనాడులోని నాంగునేరిలో 2023లో దళిత విద్యార్థిపై తోటి విద్యార్థులు చేసిన దాడి తర్వాత వేసిన జస్టిస్ చంద్రు కమిటీ మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. కులాన్ని చాటే చేతి దారాలు వద్దంది. పిల్లల్ని అక్షర క్రమంలో కూర్చోబెట్టమంది. హితబోధలతో ఆగకుండా బెంచీ దాకా వెళ్లింది కాబట్టే ఆ నివేదికను మనం చదవాలి. మన తరగతుల్లో వెనక బెంచీ ఎవరిదో, మధ్యాహ్న భోజనంలో ఎవరి వరుస ఎక్కడ మొదలవుతుందో రేపు వెళ్లి చూడండి.

అయితే అన్ని తగాదాలనూ ఒకే గాటన కట్టకూడదు. పెద్దమనుషుల్ని పిలిపించి కూర్చోబెట్టడమే నేర్పు అని నమ్మే అనుభవజ్ఞులు మనలో ఉన్నారు. వారితో నాకు తీవ్రమైన విభేదం ఉంది. పిల్లను లైంగికంగా వేధించారన్న ఫిర్యాదు వస్తే మనం మధ్యవర్తులం కాము. 2012 పోక్సో చట్టం ప్రకారం వెంటనే పోలీసులకు తెలపడం మన బాధ్యత. తెలపకుండా దాచిన సంస్థ బాధ్యుడికి ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు. పిల్లవాడిని కొట్టిన విషయంలోనూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ స్పష్టంగా ఉంది. శారీరక దండన, మానసిక వేధింపు రెండూ నిషేధం. "మా మాస్టారు మంచివాడే, ఏదో కోపంలో" అని తండ్రి చేతులు పట్టుకుని కాగితం వెనక్కి తీయించడం పరిష్కారం కాదు. బలహీనుడి నోరు మూయించడం అది. బడి పరువు కోసమని చేసినా అది అన్యాయమే.

యాజమాన్య కమిటీల గురించీ ఒక మాట. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం సభ్యుల్లో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. మన బడుల్లో ఆ తల్లులు రిజిస్టర్‌లో సంతకాలకే వస్తున్నారు. కూలి పోగొట్టుకుని పట్టపగలు పదకొండు గంటల సమావేశానికి ఎవరొస్తారు? సాయంత్రం పెట్టండి, అన్నం గురించి, మరుగుదొడ్డి గురించి వారినే ముందు మాట్లాడనివ్వండి. వంట ఏజెన్సీతో వచ్చే తగాదాలు సగం అక్కడే తేలతాయి. ఇదీ టైంటేబుల్ సంగతే.

చివరగా నా విన్నపం. పాత బడుల బీరువాల్లో స్టాఫ్ మీటింగ్ మినిట్స్ పుస్తకాలు, సర్దుబాటు రిజిస్టర్లు, తనిఖీ పుస్తకాలు చెదలు పట్టి పోతున్నాయి. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న కాలం నుంచి ఈ నేల మీద ఎందరో హెడ్మాస్టర్లు ఎన్నో తగాదాలు తీర్చారు. వారు ఏం చేశారో చెప్పే తెలుగు పుస్తకాలు ఎన్ని ఉన్నాయి? విశ్వవిద్యాలయాల విద్యా విభాగాలు ప్రశ్నావళులు పంచి సగటులు కడుతున్నాయి. ఆ పరిశోధకులు ఒక్క బడి మినిట్స్ పుస్తకాన్ని పదేళ్ల మేర చదివితే, ఏ తగాదా ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో, ఏ ఏర్పాటుతో ఆగిందో కళ్లకు కడుతుంది.

అందుకని ఈ సభ ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ప్రతి బడిలో పని పంపకం పట్టిక స్టాఫ్ రూమ్ గోడ మీదకు రావాలి, అందులో హెడ్మాస్టరు పేరే మొదట ఉండాలి. వచ్చే మహాసభకు ప్రతి జిల్లా ఒక పాత మినిట్స్ పుస్తకం ప్రతిని, అందులోని పిల్లల పేర్లు, ఫిర్యాదుదారుల పేర్లు తొలగించి, వెంట తేవాలి. మధ్యాహ్నం సమావేశంలో వీటిని తీర్మానాలుగా చేపట్టవలసిందిగా కోరుతున్నాను.