ఒకే ముఖం, రెండు దారులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా సరదాగా మాట్లాడమన్నారు. మన దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకి సరదా అంటే సినిమానే కదా! కోణార్క్, వెంకటాద్రి, మేఘా అంటే చాలు, ఇక్కడ సగం ముఖాలు వెలుగుతాయి. అందుకే ఓ పాత సినిమా సంగతి చెబుతాను.

1969లో వచ్చిన ‘భలే తమ్ముడు’. దర్శకుడు బి.ఎ. సుబ్బారావు గారు. 1962 నాటి హిందీ ‘చైనా టౌన్’ దీనికి మూలం. ఎన్టీఆర్ ద్విపాత్రాభినయం అనగానే అందరూ ‘రాముడు భీముడు’ అంటారు; దీన్ని తలుచుకునేవాళ్లు తక్కువ. ఇందులో ఎన్టీఆర్‌కు మహమ్మద్ రఫీ పాడారని పాటల ప్రియులకు మాత్రం గుర్తుంటుంది. ఒక ముఠా మనిషి పోలీసులకు చిక్కుతాడు. అచ్చు అతనిలాగే ఉన్న పాటగాణ్ణి అతని స్థానంలో ముఠాలోకి పంపుతారు. దొరికిపోతాడేమోనని మనకి భయం. తీరా చూస్తే ఇద్దరూ చిన్నప్పుడే విడిపోయిన అన్నదమ్ములు!

కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో ఇద్దరినీ ఒకే ఫ్రేములో ఎలా చూపేవారు? కెమెరాను కదలకుండా బిగించి, లెన్సు సగం మూసి ఒక పాత్రను తీసేవారు. ఫిల్మును వెనక్కి తిప్పి, మూసిన సగం తెరిచి, తెరిచిన సగం మూసి, వేషం మార్చుకొచ్చిన అదే నటుణ్ణి మళ్లీ తీసేవారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా అతుకు కనిపించేది. ఇంజనీరుగా ఆ ఓపికకు దండం పెడతాను.

కానీ నన్ను పట్టుకున్నది కథే. రూపం ఒకటే, పెరిగిన చోటు వేరు, బతుకు వేరు.

మా తరగతిలో లెక్కల్లో నాకంటే ముందుండేవాడు ఒకడు తొమ్మిదిలో బడి మానేశాడు. నాన్న మంచం పట్టాడు, ఇల్లు గడవాలి. ఎల్.బి.నగర్ వైపు ఒక లారీ షెడ్డులో చేరాడు. సినిమాలోలా చెడిపోలేదు, గౌరవంగా బతికాడు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలడు. కానీ ఆ దారి వాడు ఎంచుకున్నది కాదు.

ఈ ఏడూ మన బడిలో అలాంటి పిల్లలు ఉంటారు. తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం సంఘం ఒక నిధి పెట్టాలని నా మనవి. టీచరు గారు ఒక మాట చెబితే ఆ నెలలోనే సాయం అందాలి. పిల్లల పేర్లు బయటికి రాకూడదు. మొదటి ఏడాది ఇద్దరి ఖర్చు నాది. మూడో పేరు ఎవరు తీసుకుంటారో ఈ సభ ముగిసేలోగా చెప్పండి.

సెలవు.