చెవిలో పెట్టుకునే చిన్న స్పీకరు

(రోగుల బంధువుల కోసం ఔట్ పేషెంట్ హాలులో చేసిన ప్రసంగ పాఠం)

మందుల కోసం, రిపోర్టుల కోసం ఎదురు చూస్తున్నవారు కూడా మీలో ఉన్నారు. మీ నంబరు పిలిస్తే మధ్యలో లేచి వెళ్లండి, నేనేమీ అనుకోను. అయితే పిలిచింది మీకు వినపడాలంటే ముందు చెవుల్లో ఉన్నవి తీసి జేబులో పెట్టుకోవాలి. ఈ రోజు నేను మాట్లాడబోయేది వాటి గురించే. హెడ్‌ఫోన్స్, ఇయర్‌ఫోన్స్.

బి.పి., షుగరు గురించి చెప్పే సిస్టరు ఈ పాటల సంగతి ఎందుకు ఎత్తుకుందా అని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది.

కొంతకాలం క్రితం మగవారి సర్జికల్ వార్డులో నాకు నైట్ డ్యూటీ. హెర్నియా ఆపరేషన్ అయిన ఒక పెద్దాయనకు తోడుగా కొడుకు ఉన్నాడు. మంచి కుర్రాడు. పగలంతా తండ్రి పక్కనుండి కదలలేదు. రాత్రి మంచం పక్కనే చాప వేసుకుని, రెండు చెవుల్లో రబ్బరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడుం వాల్చాడు. రెండు గంటల వేళ సెలైన్ అయిపోయింది, రక్తం ట్యూబులోకి ఎక్కింది. పెద్దాయన "ఒరే నాయనా" అని పిలుస్తూనే ఉన్నాడు. కుట్ల నొప్పికి గొంతు పెద్దగా రావడం లేదు. కొడుకు మూరెడు దూరంలో ఉన్నాడు, వినపడలేదు. నేను వార్డు రెండో చివర ఇంజెక్షన్ ఇస్తున్నాను. చివరికి ఆయనే లేవబోతుంటే ఎదుటి మంచం తాలూకు అమ్మ చూసి "సిస్టరమ్మా!" అని కేకవేసింది. సూది మూసుకుపోయింది, ఇంకో చేతికి పెట్టాల్సి వచ్చింది. అంతకుమించి ప్రమాదం జరగలేదు. కొడుకు మాత్రం తెల్లవారేవరకు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "సౌండు చాలా తక్కువ పెట్టుకున్నాను సిస్టర్" అన్నాడు.

ఆ అబ్బాయి చెప్పింది నిజమే. సౌండు తక్కువే. మరి ఎందుకు వినపడలేదు? అది తెలియాలంటే ఈ వస్తువు ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి.

పాడైపోయిన ఇయర్‌ఫోన్ ఒకటి విప్పి ఈ బల్ల మీద పెట్టాను. లోపల మూడే మూడు ముఖ్యమైన వస్తువులు. ఒక చిన్న అయస్కాంతం, వెంట్రుక లాంటి రాగి తీగ చుట్ట, ఆ చుట్టకు అంటించిన పలుచని పొర. ఫోను నుండి వచ్చే కరెంటు పాటను బట్టి క్షణక్షణం మారుతూ ఉంటుంది. ఆ కరెంటు తీగ చుట్టలో ప్రవహించినప్పుడు చుట్ట కూడా అయస్కాంతంలా మారి, అసలు అయస్కాంతం వైపు లాగబడుతూ, దాని నుండి నెట్టబడుతూ ఉంటుంది. చుట్ట కదిలితే పొర కదులుతుంది, పొర కదిలితే గాలి కదులుతుంది. ఆ గాలి అలలే మనకు పాట. పెళ్లి పందిట్లో కట్టే పెద్ద బాక్సులో ఉండేది కూడా ఇదే అమరిక. అక్కడ పొర పళ్లెమంత, ఇక్కడ కందిగింజంత.

పందిట్లో బాక్సు వందల మందికి వినిపించాలి కాబట్టి దానికి వందల వాట్ల కరెంటు కావాలి. ఇయర్‌ఫోన్‌కు ఒక వాటులో వెయ్యో వంతు చాలు. దూరం లేదు కదా! పొరకూ మన కర్ణభేరికీ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల గాలి మాత్రమే ఉంటుంది. అంత చిన్న వస్తువు ఏం చేస్తుందిలే అని మనం మోసపోయేది ఇక్కడే. పక్కవాడికి చీమ చిటుక్కుమన్నట్టు కూడా ఉండదు, మన చెవిలో మాత్రం ఊరేగింపు జరుగుతూ ఉంటుంది.

ఈ వస్తువు కొత్తదేమీ కాదు. 1880ల్లో అమెరికాలో టెలిఫోన్ ఆపరేటర్లు భుజం మీద ఆనించుకుని, ఒక్క చెవికి పెట్టుకునే బరువైన పరికరం వాడేవారు. 1910లో నథానియేల్ బాల్డ్విన్ అనే ఆయన తన ఇంటి వంటగదిలో రెండు చెవులకూ పెట్టుకునేది తయారుచేసి అమెరికా నౌకాదళానికి పంపాడు. పాటల కోసం స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చింది జాన్ కాస్, 1958లో. 1979లో జపాన్‌లో సోనీ వాక్‌మన్ వచ్చాక నడుస్తూ వినడం ప్రపంచానికి అలవాటయ్యింది. ఇప్పుడు తీగ కూడా పోయింది, బ్లూటూత్ వచ్చింది.

ఇక రకాలు. మా రోజుల్లో ఇయర్ బడ్స్ అంటే దూది చుట్టిన పుల్లలు. ఇప్పుడు పిల్లలు ఇయర్ బడ్స్ అంటే పాటలు వినేవి. (రెండింటితోనూ చెవుల డాక్టరుగారికి పని తగులుతుంది, అది వేరే సంగతి.) చెవి డొప్పను మొత్తం కప్పేవి ఒక రకం. చెవి మీద ఆనేవి ఇంకొకటి. చెవి ద్వారం దగ్గర ఊరికే నిలిచే గుండ్రటివి ఉన్నాయి. రబ్బరు మూతితో చెవి లోపలికి బిగుసుకునేవి ఉన్నాయి. తీగ ఉందా లేదా, మెడలో పట్టీ ఉందా అన్నది సౌకర్యానికి సంబంధించింది. కొనేటప్పుడు మీరు అసలు చూడవలసింది బయటి శబ్దాన్ని అది ఎంత ఆపుతుంది అన్నది.

రబ్బరు మూతి ఉన్నది చెవికి బిరడా పెట్టినట్టే. పాట అసలు లేకపోయినా బయటి మాట సగం ఆగిపోతుంది. ఆ రాత్రి ఆ అబ్బాయికి జరిగింది ఇదే. సౌండు తక్కువ, బిరడా మాత్రం గట్టిది.

అలాగని రబ్బరు రకం చెడ్డదని నేను అనను. బస్సులో కూర్చున్నారనుకోండి. ఇంజను రొద, హారను, కండక్టరు కేకలు. చెవి ద్వారం దగ్గర ఊరికే నిలిచే రకం పెట్టుకుంటే ఆ రొదను మించి పాట వినపడాలని మనకు తెలియకుండానే సౌండు పెంచుతాం. రబ్బరు రకమైతే రొద బయటే ఆగుతుంది, తక్కువ సౌండుతో సరిపోతుంది. రొదను తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ రకం ఇంకో మెట్టు పైన ఉంది. అందులో చిన్న మైకు బయటి రొదను విని, దానికి సరిగ్గా ఎదురుగా ఉండే అలను పుట్టిస్తుంది. రెండూ కలిసి ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. 1978లో విమానంలో ప్రయాణిస్తూ ఆ రొదకు విసిగిపోయి దీని మీద పని మొదలుపెట్టిన అమర్ బోస్ గారి తండ్రి మన దేశంవారే, బెంగాలీ. కాబట్టి బస్సులో మేలు చేసేదే రోగి మంచం పక్కన కీడు చేస్తుంది. రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల దగ్గర, బండి నడిపేటప్పుడు ప్రాణమే తీయవచ్చు. హారను వినపడక దెబ్బలు తగిలించుకుని వచ్చినవారికి క్యాజువాలిటీలో నేను కట్లు కట్టాను.

ఇప్పుడు చెవి సంగతి. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న భాగం ఉంటుంది. దానిలో సన్నని వెంట్రుకల లాంటివి ఉన్న కణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు ఉంటాయి. శబ్దాన్ని మెదడుకు అందించే పని వాటిదే. పెద్ద శబ్దం ఎక్కువసేపు పడితే అవి మొదట వాలిపోతాయి, తర్వాత చచ్చిపోతాయి. చర్మం తెగితే మళ్లీ వస్తుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఈ కణాలు మనిషికి మళ్లీ పుట్టవు. "మందులేమైనా ఉన్నాయా సిస్టర్" అని తల్లులు అడుగుతారు. పోయిన కణాలను తిరిగి తెచ్చే మందు ఇప్పటికీ లేదమ్మా.

ఎంత శబ్దం, ఎంతసేపు? శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మామూలు మాట దాదాపు 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవారు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినవచ్చు. అక్కడి నుండి ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలు, 90కి వచ్చేసరికి వారం మొత్తానికి 4 గంటలే. పిల్లలకు 75 దాటకూడదు. ఇంట్లో కొలిచే యంత్రం ఉండదు కదా, అందుకని సౌండు గీతను 60 శాతం దాటనివ్వకండి. ఫోను హెచ్చరిక చూపిస్తే నొక్కి దాటేయకండి. ఇంకో ఉపాయం. పక్కన కూర్చున్నవారికి మీ పాట వినపడుతుంటే, లేదా చేయి చాపినంత దూరంలో ఉన్నవారు మామూలుగా మాట్లాడితే మీకు వినపడకపోతే, తగ్గించవలసిందే. రబ్బరు రకానికి ఈ రెండో పరీక్ష సరిగా వర్తించదు, అది ఎలాగూ మూసేస్తుంది కాబట్టి.

ఇలా పోయే వినికిడి ఒక్కసారిగా పోదు, అదే చిక్కు. మొదట సన్నని శబ్దాలు పోతాయి. "స", "శ" వంటి అక్షరాలు మసకబారతాయి. "మాట వినపడుతోంది గాని ఏమంటున్నారో తెలియడం లేదు" అంటారు. రాత్రి పడుకుంటే చెవిలో గుయ్యిమని హోరు. పిల్లవాడు టీవీ సౌండు పెంచుతున్నా, ప్రతి మాటకూ "ఆఁ?" అంటున్నా తిట్టకండి, పరీక్ష చేయించండి. ఆ పరీక్ష కూడా హెడ్‌ఫోన్‌తోనే చేస్తారు. శబ్దం రాని గదిలో కూర్చోబెట్టి కుడి చెవికి ఎర్ర గుర్తు ఉన్నది, ఎడమ చెవికి నీలం గుర్తు ఉన్నది పెడతారు. సన్నగా కూత వినపడినప్పుడల్లా మీట నొక్కడమే, నొప్పి ఏమీ ఉండదు. తర్వాత చెవి వెనుక ఎముకకు ఒక చిన్న దిమ్మె ఆనిస్తారు. అది ఎముకను కంపింపజేసి శబ్దాన్ని నేరుగా లోపలి చెవికి పంపుతుంది. లోపం బయటి చెవి, మధ్య చెవిలో ఉందా, లోపల ఉందా అన్నది దానితో తెలుస్తుంది. చెవి రంధ్రం మూయకుండా ఎముక ద్వారా వినిపించే హెడ్‌ఫోన్స్ ఇప్పుడు బజారులో కూడా దొరుకుతున్నాయి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం గులిమి అయ్యుంటుందిలే అని ఆగకండి. ఆ రోజే రండి, ఆలస్యమైన కొద్దీ తిరిగి వచ్చే అవకాశం తగ్గిపోతుంది.

చెవిలో చీము కారేవారు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు, చెవి ఆపరేషన్ అయినవారు డాక్టరుగారు చెప్పేవరకు లోపలికి దూరే రకం పెట్టుకోకూడదు. గంటల తరబడి పెట్టుకుంటే చెమ్మ చేరి బూజు లాంటి ఇన్‌ఫెక్షన్ పట్టవచ్చు, గులిమి లోపలికి నెట్టుకుపోతుంది. ఒకరివి ఇంకొకరు పెట్టుకోకండి. దువ్వెన ఎలాగో ఇదీ అలాగే.

ఛాతీలో పేస్‌మేకర్ ఉన్నవారి ఇంటివారు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. చెవిలో పెట్టుకుంటే భయం లేదు. కానీ విన్న తర్వాత మెడలో వేలాడేసుకున్నా, చొక్కా పై జేబులో పెట్టుకున్నా దానిలోని అయస్కాంతం పేస్‌మేకర్‌కు దగ్గరగా వస్తుంది. 3 సెంటీమీటర్ల లోపు వస్తే పేస్‌మేకర్ పనిలో తేడా రావచ్చని 2008లో అమెరికాలో డాక్టర్లు పరీక్షించి చెప్పారు. మనవరాలు తాతయ్య ఛాతీ మీద తల పెట్టుకుని పడుకున్నా ఆమె చెవిలోవి తీయించండి. ఎం.ఆర్.ఐ. గదిలోకి కూడా వీటితో వెళ్లకూడదు. అక్కడి పెద్ద అయస్కాంతం వాటిని లాగేస్తుంది.

ఇంత చెప్పానని వార్డులో ఇవి వద్దనడం లేదు. చాలాచోట్ల ఇవి ఉండటమే మంచిది. గల్ఫ్‌లో ఉన్న కొడుకు తల్లికి వీడియో కాల్ చేస్తాడు. స్పీకరు పెడితే ఆమె ఆపరేషన్ సంగతి, అప్పు సంగతి వార్డంతా వింటుంది. మైకు ఉన్న ఇయర్‌ఫోన్ ఆమెకు పెట్టి చూడండి, కన్నీళ్లయినా ఆమెవి ఆమెకే ఉంటాయి. నిద్రపట్టని రోగి తక్కువ సౌండుతో తనకిష్టమైన పాటలు వింటే కాస్త కుదుటపడతాడు, పక్క మంచం వారికి నిద్ర చెడదు. పెద్దవారికి పలుచని చెవులైతే పైన కప్పే రకం నయం, ఒత్తుకోదు. ఒక్క చెవే వినపడేవారికి పాటలో సగం రాదు, ఎందుకంటే కుడి ఎడమలకు వేర్వేరు శబ్దాలు వెళ్తాయి. ఫోను సెట్టింగ్స్‌లో మోనో అని ఉంటుంది. అది పెడితే రెండూ కలిసి వినపడే చెవిలోకే వస్తాయి. మీ ఇంట్లో కుర్రాళ్లు క్షణంలో పెట్టి ఇస్తారు.

తోడు ఉండే మీరు మాత్రం రాత్రి వినాలంటే ఒక్క చెవిలోనే పెట్టుకోండి, అదీ తక్కువ సౌండులో. రెండో చెవి మంచం వైపు ఉండాలి. నిద్ర ముంచుకొస్తుంటే ఆ ఒక్కటీ తీసేయండి. సెలైన్ సీసాలో నీరు మెడ దాకా దిగితే మమ్మల్ని పిలవండి.

విప్పిన ఇయర్‌ఫోన్ బల్ల మీదే ఉంచుతున్నాను. వెళ్లేటప్పుడు పిల్లలను తీసుకొచ్చి చూపించండి. అయస్కాంతానికి గుండుసూది అతుక్కుంటుంది చూడండి. పేస్‌మేకర్ పెట్టించుకున్నవారు మాత్రం చేత్తో పట్టుకోకండి, దూరం నుండే చూడండి.