అబ్బాజాన్ చప్పట్లు
(స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

ఇంజనీరును కాబట్టి ఏ ఫ్లైఓవర్ గురించో మాట్లాడతానని భయపడుతున్నారేమో. పాట గురించి మాట్లాడతాను. భోజనాలు ఆలస్యం చేయను.

మనం హయత్‌నగర్‌లో చదువుకునే రోజుల్లో నా క్లాస్‌మేట్ ఒకడి నాన్నగారు కవ్వాలీ పార్టీలో ఉండేవారు. పాడేవారు కాదు, వెనక వరసలో కూర్చొని చప్పట్లు కొట్టేవారు. 1984లో వాడు నన్ను పహాడీ షరీఫ్ ఉర్సుకు తీసుకెళ్లాడు. మామయ్య దుబాయ్ నుంచి తెచ్చిన టేప్ రికార్డరు మోసుకుంటూ ఆ మెట్లన్నీ ఎక్కి, ఒక క్యాసెట్టు నిండా రికార్డు చేశాను.

కవ్వాలీ మన ఊరికి పరాయిది కాదు. బహదూర్ షా జఫర్ కొలువులో పాడిన తాన్‌రస్ ఖాన్ తర్వాత హైదరాబాదుకే వచ్చారు. ఆ వంశంలోని అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. దాన్ని రీమిక్స్ చేయడమూ ఇవాళ్టి పని కాదు. నుస్రత్ ఫతే అలీ ఖాన్ 'మస్త్ మస్త్'ను 1990లోనే బ్రిస్టల్ బృందం మాసివ్ అటాక్ రీమిక్స్ చేసింది. ఆయన పోయిన 1997లోనే, బ్రిటన్‌లో పెరిగిన మన ఉపఖండం కుర్రాళ్ల రీమిక్సులతో 'స్టార్ రైజ్' వచ్చింది. నేను నుస్రత్ గొంతు మొదట విన్నది అలాంటి పాటలోనే, కాబట్టి రీమిక్సును తిట్టే అర్హత నాకు లేదు.

ఇప్పుడు మా అబ్బాయిది అదే పిచ్చి. నా పాత క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించి, "నాన్నా, వీళ్ల స్పీడు నిలకడగా లేదు" అన్నాడు. ఎలా ఉంటుంది? కవ్వాలీ మెల్లగా మొదలై, పోను పోను ఉరకలేస్తుంది. వినేవాళ్లలో ఎవరైనా ఒక మాటకు కదిలిపోతే, ఆ మాటనే మళ్లీ మళ్లీ తిప్పి పాడతారు. కంప్యూటర్‌కు అదంతా పట్టదు. నిమిషానికి వంద బీట్లంటే వందే. నేనే సలహా ఇచ్చాను: "గొంతు ఉంచుకో, చప్పట్లు తీసెయ్. అవే నీ బీటుకు అడ్డం పడుతున్నాయి." తీసేశాడు. నిజం చెప్పొద్దూ, వింటుంటే నా కాళ్లు కూడా ఆడాయి.

ఈ సభకు పిలవడానికి మా మిత్రుడి ఇంటికి వెళ్లినప్పుడు అది ఫోన్‌లో వినిపించాను. మురిసిపోతాడనుకున్నాను. చివరిదాకా విని, "గొంతు బాగుంది భాయ్. మా అబ్బాజాన్ ఏరీ?" అన్నాడు.

నాన్నగారివి వాళ్లింట్లో రెండు ఫొటోలున్నాయి. ఆయన చేసిన చప్పుడు మాత్రం ఎక్కడా లేదు. నా దగ్గర ఆ క్యాసెట్టు ఉందని ఇన్నేళ్లలో వాడికి ఒక్కసారీ చెప్పలేదు.

మా అబ్బాయికి ఇది చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి చప్పట్లను బీటులో ఇరికించకుండా, తన డ్రమ్మునే చప్పట్ల వెంట నడిపించాడు. మూడు వారాలు పట్టింది. "దీనికి ఎవరూ డాన్స్ చేయలేరు" అని వాడి డీజే దోస్తులు పెదవి విరిచారు. నాకైతే ఇదే నచ్చింది, తండ్రిని కదా. పాడినవారి కుటుంబం కోసం వెతుకుతున్నాం. వాళ్లు సరేననేదాకా ఆ పాట ఎక్కడా పెట్టం.

మా మిత్రుడు ఇవాళ మూడో వరసలో కూర్చున్నాడు. వాడి అనుమతితో, పాట లేకుండా చప్పట్లు మాత్రమే ఉన్న అర నిమిషం వినిపిస్తాను. సౌండ్ తమ్ముడూ, ఫ్యాన్లు కాసేపు ఆపించి కొంచెం పెంచు.