చిత్రిక అలుగు మార్చవలెనా?



పాతచిత్రిక దొరకినంతనే అలుగు మార్చుట తొందరపాటు. ఇంగ్లండునందలి షెఫీల్డులో 1740 ప్రాంతమున బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో కరగించి మేలైన ఉక్కు తీసెను. తరువాత అచటి కొయ్యచిత్రికల అలుగులకు మెత్తని ఇనుముపై అట్టి ఉక్కును పలుచగా అతికించెడివారు. పదును నిలుపునది ఆ ఉక్కు. దానికి దన్ను ఆ యినుము. కావున పైతుప్పు చూచి వెలకట్టరాదు. ఉక్కు మిగిలినంతకాలము సానపట్టి వాడవచ్చును. ఉక్కంతయు అరిగినను, తుప్పుగుంటలు వాదరకు దిగినను మార్చక తప్పదు.

అయితే దళసరి క్రొత్త అలుగు పట్టుటకై చిత్రికనోటిని ఆకురాయితో అరుగదీయరాదు. వెడల్పైన నోరు మరల ఇరుకు కాదు. పేళ్లు లేచి కొయ్య చిరుగును. ఇమిడెడి అలుగునే వెదకవలెను.

తీసిన అలుగును పారవేయక చిత్రికతోనే దాచవలెను. అలుగు చేసినవాని ముద్ర తరచు దానిమీద నుండును. పాతగ్రంథమునకు అట్ట మార్చినను ముఖపత్రమును చింపము గదా!