ఏది ముందు చెప్పవలెను?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యాలయములకు వచ్చు గ్రామ అర్జీలను చాలకాలముగా చదువుచున్నాను. వానిలో పెక్కింటి మొదటి పుట గౌరవవాచకములతోనే నిండును. రెండవ పుటలో గ్రామ ప్రాచీన వైభవమును, పూర్వపు నాయకుల హామీలును వచ్చును. చేతిబోరు చెడిపోయినదన్న ముక్క చిట్టచివర, సంతకముల ప్రక్కన నలిగియుండును. దినమునకు ఎన్నో కాగితములు చూడవలసిన ఇంజనీరు అంతవరకు చదువునన్న నమ్మకమేమి?

అట్లని పొట్టిగా వ్రాసిన మాత్రమున చాలదు. "మా ఊర నీటి ఎద్దడి గలదు, తగు చర్య తీసుకొనగలరు" అన్న అర్జీ పొట్టిదే. కాని ఏ వీధి? ఎన్ని ఇండ్లు? ఎన్నాళ్ళనుండి? అధికారి తిరిగి వ్రాసి అడుగును. మీరు జవాబు పంపుదురు. ఈలోగా వేసవి గడచిపోవును. ఇందులో కలముకంటె కాళ్ళకే పని ఎక్కువ. ముందుగా ఆ వీధికి పోయి ఇండ్లు లెక్కించి రావలెను. అటుపిమ్మట, "ఉత్తరపు వీధిలో పాఠశాల ప్రక్కనున్న చేతిబోరు 10 దినములుగా పనిచేయుటలేదు. 40 ఇండ్లవారు కిలోమీటరు దూరమునుండి నీరు తెచ్చుకొనుచున్నారు. గొట్టములు మార్పింప వేడుచున్నాము" అని వ్రాసినచో సరిపోవును.

తంతి పంపిన దినములను మనలో పెద్దలు మరచియుండరు. మాటల లెక్కను బట్టి రుసుము గనుక, ఏ మాట తీసివేయవచ్చునాయని ఇంటిల్లిపాదియు ఆలోచించెడివారు. ఆ సేవ 2013 జూలైలో నిలిచిపోయినది. నేడు ఫోనులో ఎంత వ్రాసినను ఖర్చు తెలియదు. అందుచేతనే కాబోలు, ఆలోచనయు తగ్గినది.

నోటితో చెప్పు సంగతికిని ఇదే వర్తించును. వాల్మీకి సుందరకాండలో, లంకనుండి మరలివచ్చిన హనుమంతుడు తోడి వానరులకు మొదట చెప్పినది దేవి కనబడినదన్న ఒక్క సంగతియే. సముద్రము దాటిన కథ, లంకను కాల్చిన కథ అటుపిమ్మట, జాంబవంతుడు అడిగినప్పుడు, విస్తరించి చెప్పెను. ప్రాణములు ఉగ్గబట్టుకొనియున్నవారికి ముందు ఏది కావలెనో ఆతడెరుగును.

మన గ్రామసభలలో మొదట లేచినవారు గంటసేపు మాటాడుదురు. చివర కూర్చున్న స్త్రీలు, కూలికి పోవలసినవారు తమ వంతు రాకమునుపే లేచిపోవుదురు. బిందెలు మోయునది వారు. బోరు సంగతి బాగుగా తెలిసినదియు వారికే. అర్జీ వ్రాయు దినమున వారిని ముందు మాటాడనీయుడు. వ్రాసినదానిని సంతకములకు ముందు బిగ్గరగా చదివి వినిపింపుడు. ఎవరైనను "ఏ బోరు?" అని అడిగినచో, ఆ జవాబును అక్కడికక్కడే కాగితముపై చేర్పుడు.