గడగడా చదివితే చాలునా?



"మావాడు గడగడా చదువుతాడు మాస్టర్ సాబ్" అని మీరంటే మేమూ సంతోషిస్తాము. అయితే ఒక చిన్న పరీక్ష. "బొల్కం గిబ్బిలో దాగెను." బొల్కం ఎక్కడ దాగెను? "గిబ్బిలో" అని మీరందరూ చెప్పగలరు. పూర్తి మార్కులు! కాని బొల్కం అంటే ఏమిటి? అది మేము కల్పించిన మాట, దానికి అర్థమే లేదు. ఉర్దూ పాఠాలకు ఏళ్ల తరబడి మేమూ ఇలాంటి ప్రశ్నలే వేసి, పిల్లలకు అర్థమైందనుకున్నాము.

అమెరికాలో డొలొరెస్ డర్కిన్ 1978-79లో ఒక పరిశోధన ప్రచురించారు. నాలుగో తరగతుల్లో 4,469 నిమిషాల పఠన బోధనను గమనిస్తే, అర్థం చేసుకోవడం నేర్పిన సమయం ఒక్క శాతం కూడా లేదట. ప్రశ్నలడగడం మాత్రం బోలెడు. అడగడం వేరు, నేర్పడం వేరు.

1986లో గఫ్, టన్మర్ అనేవారు చదువును గుణకారంగా చూపారు. అక్షరాలు కూడబలుక్కోవడం ఒకటి, భాష తెలియడం ఒకటి. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే.

మరి నేర్పేదెలా? 1984లో పాలింక్సర్, బ్రౌన్ పిల్లలచేత నాలుగు పనులు చేయించారు: తామే ప్రశ్న వేయడం, తెలియనిది తేల్చుకోవడం, సారం చెప్పడం, ముందేమి వస్తుందో ఊహించడం. మొదట టీచరు చేసి చూపాలి, తర్వాత పిల్లలకు అప్పగించాలి. ఆ పిల్లల అవగాహన పెరిగింది.

అమ్మలారా, మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. ఈ రాత్రి పుస్తకం మూయించి, "ఏం చదివావు బేటా, నీ మాటల్లో చెప్పు" అనండి. ఇంటి భాషలోనే చెప్పనివ్వండి. బడిలో మా వంతు మేము దిద్దుకుంటాము.