కొండపల్లిలో ఒక దినము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



చూడదగిన స్థలము ఒకదానిని గూర్చి పది నిమిషములు మాట్లాడవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరిరి. కాశ్మీరమును గూర్చియో, విదేశములను గూర్చియో చెప్పుదునని కొందరు మిత్రులు తలచియుందురు. నేను చెప్పబోవునది మనలో అనేకులు ఏటేట చూచుచు, ఒక్కసారియైనను దిగని ఊరు. దాని పేరు కొండపల్లి.

ఢిల్లీ నుండి గ్రాండ్ ట్రంకు ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడకు పోవువారికి ఖమ్మము, మధిర దాటిన పిదప కొండల వరుసయు, థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టములును కనిపించును. వెంటనే మనము బెర్తుల క్రింది పెట్టెలను లాగుటకును, పిల్లల చెప్పులు వెదకుటకును మొదలుపెట్టుదుము. ఆ సందడిలోనే కొండపల్లి స్టేషను వెనుకకు పోవును. ఇరువది ఏండ్ల ఉద్యోగములో నేను ఆ స్టేషనును ముప్పదిసార్లకు తక్కువ కాకుండ దాటితిని. నాకది సామాను సర్దుకొనుటకు ఒక గుర్తు మాత్రమే.

నన్ను అక్కడికి పంపినది మా అమ్మాయి. మా ఇంట దసరాకు బొమ్మల కొలువు పెట్టుదుము. తెనాలిలో మా అమ్మగారు తన కొలువునుండి తీసి యిచ్చిన గీతకాడు ఒకడు తాడిచెట్టు నెక్కుచు అందులో నుండును. మొన్నటి దసరాకు బొమ్మలను దించుచుండగా నా చేయి జారి వాని కాలు విరిగినది. నేను జిగురు తెచ్చి అంటింపబోగా, పదునొకండేండ్ల మా అమ్మాయి నన్ను ఆపినది. "దీన్ని చేసినవాళ్ళు ఉంటారు కదా నాన్నా, వాళ్ళనే అడగకూడదా?" అన్నది. అది కొండపల్లి బొమ్మ అని ఆమెకు చెప్పినవాడను నేనే. ఆ ఊరిలో మనుష్యులుందురనియు, వారు నేటికిని బొమ్మలు చేయుచుందురనియు నేను ఎన్నడును తలచియుండలేదు. దస్త్రములలో "హస్తకళలు" అను మాటను మాత్రము ఎన్నిసార్లు వ్రాసితినో లెక్కలేదు.

సంక్రాంతి సెలవులలో మేము విజయవాడ నుండి బస్సులో పోతిమి. దూరము సుమారు 20 కిలోమీటర్లు. ఒకప్పుడు కృష్ణాజిల్లాలోని ఈ ఊరు 2022 నుండి ఎన్‌టీఆర్ జిల్లాలో చేరినది. పేరునకు ఇప్పుడు పురపాలక సంఘమే అయినను, బొమ్మల వీధిలో నడుచునప్పుడు పల్లెటూరివలెనే తోచును. అరుగుమీద ఒకరు ఉలిపట్టి చెక్కుచుండిరి. గడపలోపల ఒక ఇల్లాలు రంగులు వేయుచుండెను. పెద్దవయస్సు శిల్పి ఒకరు మా గీతకానిని చేతిలోనికి తీసికొని, త్రిప్పి చూచి, "సాయంత్రానికి రండి బాబూ. అతుకు ఆరాలి, రంగు ఆరాలి. ఈలోగా కొండెక్కి రండి" అనిరి.

ఆ విధముగా ఒక బొమ్మ కాలు ఆరువరకు మేము కోటను చూచితిమి.

ఆ దుర్గము 14వ శతాబ్దమున రెడ్డిరాజుల కాలములో వెలసినది. తరువాత గజపతుల వశమైనది. 1515లో కొండవీటిని జయించిన శ్రీకృష్ణదేవరాయలు పిమ్మట దీనిని కూడ గైకొనెను. అటుపిమ్మట గోలకొండ సుల్తానులు, 1687లో గోలకొండ పడిన తరువాత మొగలులు, 1766లో ఆంగ్లేయులు దీనిని ఏలిరి. పైకి రోడ్డు కలదు కాని మేము నడచియే ఎక్కితిమి. ఒకదాని వెనుక నొకటిగా ద్వారములు వచ్చును. అందు ముఖ్యమైనదానిని దర్గా దర్వాజా అందురు. రెండు శిఖరముల నడుమ తానీషా మహలు శిథిలములు, కోనేరు, ధాన్యపు కొట్లు, ఆంగ్ల సైనికుల బారకాసులు, వారి సమాధులు కూడ కలవు. ఇందరు ప్రభువులు మారిరి. ప్రతివాడును ఒక గోడనో ఒక గదినో కట్టించి వెడలిపోయెను.

పైనుండి క్రిందికి చూచినచో ఊరి యిండ్లు, ఆవల రైలుమార్గము కనిపించును. మేము చూచుచుండగనే ఉత్తరమునుండి పొడవైన రైలు ఒకటి వచ్చి, ఆగకుండ విజయవాడ వైపు సాగిపోయెను. "అందులో అందరూ ఇప్పుడు పెట్టెలు లాగుతుంటారు" అని మా అమ్మాయి నవ్వినది. నేను నవ్వలేకపోతిని.

సాయంత్రము శిల్పిగారు మాకు పని విధానము చూపించిరి. కర్ర పేరు తెల్ల పొణికి. ఎంత తేలికయనగా, దుంగను చేతిలో పెట్టినప్పుడు మా అమ్మాయి బోలుదనుకొన్నది. దానిని బాగుగా ఎండబెట్టి, తల, చేతులు, కాళ్ళు వేరువేరుగా చెక్కి, రంపపు పొట్టును చింతగింజల పిండితో కలిపిన మక్కుతో అతుకుదురు. పైన సున్నపు పూత వేసి, ఆరిన పిదప రంగులు దిద్దుదురు. అంబారీ ఏనుగు, దశావతారములు, ఎడ్లబండి, తాడిచెట్టు, అన్నియు ఇట్లే పుట్టును. తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని వారి వంశములలో ఒక కథ కలదు. కాని వారు చెక్కిన గీతకాడు, దంపుడు చేయు స్త్రీ, మన పల్లెవారే గాని అన్యులు కారు.

ఇచ్చట నా అజ్ఞానము నొకదానిని ఒప్పుకొనవలెను. 2025 గణతంత్ర దినోత్సవమున కర్తవ్యపథములో ఆంధ్రప్రదేశపు శకటముపై ఏటికొప్పాక బొమ్మలు పోవుచుండగా, నా ప్రక్కనున్న మిత్రుడు వానిని కొండపల్లి బొమ్మలనెను. నేనును తల ఊపితిని. ఏటికొప్పాకలో అంకుడుకర్రను తరిణెపట్టి లక్కరంగు ఎక్కింతురు. కొండపల్లిలో పొణికిని చేతితో చెక్కి అతుకుదురు. రెండింటికిని గల భేదము తెలియకయే మేము గర్వపడితిమి.

కర్రను గూర్చి అడుగగా శిల్పిగారు, "మా నాన్న ఈ కొండల్లోనే తెచ్చుకునేవాడండి. ఇప్పుడు దగ్గర్లో దొరకడం కష్టం. చెట్టు నాటినా ఎదగాలి కదా" అనిరి. కుమారుని గూర్చి అడుగగా, "డిగ్రీ చదివాడు. సెలవుల్లో రంగులు వేస్తాడు. ఆపైన వాడిష్టం" అనిరి. తండ్రిగారి సేద్యమును విడిచి సచివాలయమునకు వచ్చిన నేను ఆ యువకునకు ఏమి హితవు చెప్పగలను? మారుపలుకక గీతకానిని అందుకొంటిని. అతుకు ఎక్కడనో కనిపెట్టలేకపోతిని. ఆయన ఎనుబది రూపాయలు అడిగిరి. ఢిల్లీ హాట్‌లో ఇట్టి బొమ్మలకే ప్రతిసారియు ధర తగ్గించి అడిగినవాడను. ఆనాడు నా నోట మాట రాలేదు.

తిరిగివచ్చిన పిదప ప్రపంచ వారసత్వ స్థలములను గూర్చిన పుస్తకము నొకదానిని చదువుచుండగా, హంగరీ దేశపు హొల్లోకో అను చిన్న కొండపల్లె కనబడినది. అక్కడను కొండమీద పాతకోట, క్రింద కొలదిపాటి యిండ్లు. 1909లో ఊరు అగ్నికి ఆహుతికాగా, గ్రామస్థులు తమ పూర్వపు తీరుననే మరల కట్టుకొనిరి. 1987లో యునెస్కో ఆ ఊరిని తన పట్టికలో చేర్చినది. చేర్చినది కోటను మాత్రమే కాదు, కోట క్రింది జనులు నివసించు పల్లెను కూడ. ఇది చదివిన పిదప కొండపల్లి నాకు మరల జ్ఞప్తికి వచ్చినది.

మన కొండపల్లి బొమ్మకు 1999 నాటి చట్టము క్రింద భౌగోళిక సూచిక లభించినది. దానివలన పేరునకు రక్షణ కలిగినది. కోట గోడ పడినచో నిధులు మంజూరు చేసి నిలబెట్టవచ్చును, ఆ దస్త్రము ఎట్లు నడచునో మనకు తెలియును. కాని ఉలి పట్టు చేయి ఒక తరము ఆగినచో ఏ దస్త్రమును దానిని తిరిగి తేజాలదు. పొణికి మొక్క నాటువాడు, పని నేర్చువాడు, తగిన ధర యిచ్చి కొనువాడు, ఈ మువ్వురును కావలెను. మొదటి ఇద్దరిలో మనము చేరలేకపోయినను మూడవవానిలో చేరవచ్చును.

కావున సంఘమునకు రెండు విన్నపములు. వచ్చే సంక్రాంతికి మన పిల్లల కొలువు కొరకు బొమ్మలను తయారుచేయువారి వద్దనే కొని తెప్పింతము; వారు చెప్పిన ధరకే కొందము. రెండవది, సెలవులకు పోవు ప్రతి కుటుంబమును విజయవాడలో ఒక్క పూట ఆగి, వెనుకకు 20 కిలోమీటర్లు పోయి రావలెను. పిల్లలను తప్పక తీసికొనిపొండు. వారు అడుగు ప్రశ్నలు మనకు తోచవు.

మా గీతకాడు మరల తాడిచెట్టు నెక్కినాడు. ఈసారి బొమ్మలు దించు పనిని మా అమ్మాయి నాకు అప్పగింపనని చెప్పినది.